అట్ట ఇంటికి వెనక గోడ

హిందూపురం,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి మధుకు మీ అమ్మ మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేను, మీ నాయన, నువ్వు వదిలిపోయిన పిల్లి, అందరం బాగున్నాం. అక్కడ నువ్వు కూడా క్షేమమని తలుస్తాను అని రాయడం ఆనవాయితీ. కానీ బాగాలేనని నీ ఉత్తరంలో నువ్వే రాశాక నేను ఆ ముక్క ఎట్లా రాసేది? బాగుపడాలని మాత్రం పొద్దున లేచినప్పటి నుంచి అనుకుంటూనే ఉన్నాను.

నీ ఉత్తరం చూసి పోస్ట్‌మ్యానే ఆశ్చర్యపోయాడు. ఈ కాలంలో చేత్తో అడ్రసు రాసిన కవరు ఎవరిదమ్మా అని అడిగి మరీ ఇచ్చి పోయాడు. బడికి పోయే రోజుల్లో సెలవు చీటీ కూడా నాతో రాయించుకున్నవాడివి, అన్ని పేజీలు రాశావు. అంగడి తలుపు ఓరగా వేసుకొని చదివాను. మీ నాయనకు రాజీనామా కాగితం రాసి దిండు కింద పెట్టుకున్నావని ఉన్న మొదటి సగమే చదివి వినిపించి, మిగతా సగం బీరువాలో చీరల కింద పెట్టాను. నీ రైలుబండి కింద మనిషి పడినప్పటి నుంచి కన్ను మూస్తే అదే కనిపిస్తోందని, ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టి క్వార్టర్లో తలుపేసుకొని పడుకుంటున్నావని ఉన్న సగం అది.

మూడు సంగతులు అడిగావు. నాయనకు కోపమా? అమ్మా, నువ్వు ఆ రోజు ఫోను ఎందుకు పెట్టేశావు? తాత కూడా డ్రైవరే గదా, ఆయనకు ఎప్పుడైనా ఇట్లా జరిగిందా? మొదటిదానికి జవాబు సులభం, అది ఇప్పుడే చెప్పేస్తాను. మిగతా రెండూ ఒకదాన్నొకటి పట్టుకొని ఉన్నాయి. వాటికి కొంచెం ఆగు.

మీ నాయనకు కోపమే. అనంతపురంలో ఇరుకు గదిలో ఉండి, పరీక్షల మీద పరీక్షలు రాసి తెచ్చుకున్న ఉద్యోగాన్ని ఎవరైనా దిండు కింద పెట్టుకుంటారా అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. జార్ఖండ్‌లో రొట్టెలు తినీ తినీ నీ మెదడు ఎండిపోయిందని, కడుపులో రాగిసంగటి లేక బుర్ర పనిచేయడం లేదని తేల్చేశాడు. అంత అరిచిన మనిషి మరుసటి రోజు నుంచి సెల్లు జేబులో పెట్టుకోవడం మానేశాడు. చేతిలోనే పట్టుకొని తిరుగుతున్నాడు. స్నానానికి పోయేటప్పుడు నా చేతికిచ్చి, మోగితే వెంటనే ఎత్తమని చెప్పి పోతాడు. ఆయన కోపం ఆ మాత్రమే, దాన్ని నాకు వదిలెయ్.

ఈ ఉత్తరం ఉన్న పార్సిల్లో పైన శనక్కాయల పొడి ఉంది. నూనె కారకుండా రెండు కవర్లలో కట్టాను. దాని కింద దారంతో కట్టిన అట్టలున్నాయి, వాటిని ఇప్పుడే విప్పొద్దు. ముందు ఉత్తరం పూర్తిగా చదువు. నువ్వు చిన్నప్పటి నుంచీ ముందు ముడి విప్పి తర్వాత అడిగే రకం, అందుకే చెబుతున్నాను.

అంగడి బాగానే నడుస్తోంది. స్కూలు ప్రాజెక్టులు చేసి ఇచ్చే మేడమ్ అంటే ఈ వీధిలో ఎవరైనా చూపిస్తారు ఇప్పుడు. కాకపోతే అందరికీ థర్మాకోలే కావాలి. థర్మాకోల్ అంటే నాకు ఒళ్ళు మంట అని నీకు తెలుసు. కోస్తే రవ్వలు రాలి జుట్టుకు అంటుకుంటాయి, బరువు లేదు, మడత లేదు, సిగ్గు లేదు. మొన్న ఒకావిడ వచ్చి మా వాడికి రేపటికి కోట కావాలి, థర్మాకోల్‌తోనే చేయండి, టీచరు అదే చెప్పింది అంది. సరేనని అట్టతోనే చేసి ఇచ్చాను. రాళ్ళ గోడ అచ్చం పెనుకొండ కోట గోడలా వచ్చింది. తీసుకుపోయేటప్పుడు ఆ పిల్లవాడు దాన్ని చంకలో పెట్టుకోకుండా రెండు చేతుల్తో పట్టుకొని నడిచాడు. అది చాలు నాకు.

అట్ట పని నాకు మా నాయన నేర్పిందే. నీకు తాత అంటే మీసాలు, బీడీ వాసన తప్ప ఏమీ గుర్తుండి ఉండవు. అంజనప్ప డ్రైవరంటే ధర్మవరం రైల్వే క్వార్టర్లలో తెలియనివాళ్ళు లేరు. బొగ్గు ఎత్తిపోసే ఫైర్‌మన్‌గా చేరి డ్రైవరైన మనిషి. డ్యూటీ లేని మధ్యాహ్నం వచ్చిందంటే చాప పరిచి, మా అమ్మ చీర కొంగు తగలకుండా మూలకు జరిగి, కాగితంతో స్టేషన్లు కట్టేవాడు. పక్క క్వార్టర్లలో మగవాళ్ళు పేకాడుకుంటుంటే ఈయన పెంకులు పరిచేవాడు.

ధర్మవరంలో అట్టకు కరువు లేదు కదా. పట్టుచీరల అంగళ్ళ వెనక నలిగిన చీరపెట్టెలు, మూతలు కుప్పలుగా పడి ఉండేవి. నేనూ మా నాయనా గోనెసంచి పట్టుకొని పోయి ఏరుకొచ్చేవాళ్ళం. మైదాపిండి ఉడికించి చిటికెడు మైలుతుత్తం కలిపితే బంక తయారు. అది కలపకపోతే బొద్దింకలు వచ్చి స్టేషన్‌ను వెయిటింగ్ రూముతో సహా తినేసేవి. సగానికి విరిచిన బ్లేడు, దాని వీపుకు చుట్టిన గుడ్డపీలిక, సిరా అయిపోయిన రీఫిలు, అంతే ఆయన సామాను. రీఫిలుతో గట్టిగా గీత లాగితే అట్ట ఆ గీత మీద బుద్ధిగా మడుచుకుంటుంది. గీత లేకుండా మడిస్తే పగిలి ఊరుకుంటుంది.

పాత పెళ్ళిపత్రికలను సన్నని పట్టీలుగా కోసి, అంచులకు గాట్లు పెట్టి, చూరు నుంచి పైకి వరస మీద వరస అంటిస్తే మంగళూరు పెంకులు. పెనుకొండ స్టేషన్ కప్పు విప్పి చూస్తే ధర్మవరంలో సగంమంది పెళ్ళికూతుళ్ళ పేర్లు ఉంటాయి. కార్టను పెట్టె పై కాగితాన్ని తడిపి వలిస్తే లోపల అలలు అలలుగా అట్ట ఉంటుంది చూడు, అది గూడ్స్ షెడ్డుకు రేకు. కడిగిన ఎక్స్‌రే ఫిల్ము కిటికీ అద్దం. గోడకు టీ డికాక్షను, ఇటుక పొడి, పైన కొంచెం లాంతరు మసి. మసి పూసేటప్పుడు మాత్రం నన్ను పిలిచేవాడు, నా వేళ్ళు సన్నగా ఉంటాయని. ఆ మధ్యాహ్నాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఉడికిన మైదా వాసన వస్తుంది మధూ. ఇంత వయసొచ్చింది, అంగడి పెట్టాను, పదిమంది మేడమ్ అంటారు. అయినా ఆ చాప మీద మా నాయన పక్కన కూర్చున్నంత సుఖం మళ్ళీ నాకు దొరకలేదు.

"మొదట తలుపు చెయ్యి పాపా," అనేవాడు. "మనిషి పట్టేంత తలుపు కుదిరితే గోడలు దాని ఎనకాల్నే వస్తాయి."

ఆయన స్టేషన్లలో ఒక తమాషా ఉండేది. ప్లాట్‌ఫారం వైపు చూస్తే గంట, గడియారం, తలుపు గొళ్ళెం, అన్నీ ఉంటాయి. వెనక్కు తిప్పితే బోడి అట్ట. ఒకసారి మా బడిలో ప్రదర్శన పెడితే హిందూపురం స్టేషన్ మోసుకుపోయాను. అందరూ ముక్కున వేలేసుకొని చూస్తుంటే ఒక మహాతల్లి దాన్ని తిప్పి, ఊర్లోంచి లోపలికి పోయే దారి యాడుండాది, టికెట్టు కొన్నోళ్ళు గోడ దూకాల్నా అని అడిగింది. బడంతా నవ్వింది. ఏడుస్తూ ఇంటికొచ్చి మా నాయన మీద విరుచుకుపడ్డాను. ఆయనకు నవ్వు ఆగలేదు. ఏళ్ళ తరబడి హిందూపురానికి బండి తోలినా ఇంజను దిగి ఊరివైపు పోయిన పాపాన పోలేదట. డ్రైవర్లకిచ్చే రన్నింగ్ రూములో పడుకోవడం, మళ్ళీ బండెక్కడం. డ్రైవరుకు స్టేషనంటే ఒక్క ముఖమే అన్నాడు. తర్వాత నన్ను ఈ ఊరికే ఇచ్చారు కదా, మీ నాయనను చూడటానికి వచ్చిన రోజు మొదటిసారి స్టేషన్ బయటికి వచ్చి, వెనక్కి తిరిగి నిలబడి, ఈ పక్క ఇట్లుంటుందా అని నోరు తెరిచాడట. పెళ్ళికొడుకు కంటే స్టేషన్‌నే ఎక్కువసేపు చూశాడని మీ నాయన ఇప్పటికీ దెప్పుతాడు.

ఇట్లా కబుర్లు చెప్పి నిన్ను నవ్వించి ఉత్తరం ముగిద్దామనే కూర్చున్నాను. కానీ అట్లా చేస్తే మళ్ళీ ఫోను పెట్టేసినట్టే.

ఆ రోజు నువ్వు ఫోను చేసి, అమ్మా, బండి కింద, అని ఆగిపోయావు. ఉద్యోగమన్నాక ఇట్లాంటివి వస్తాయిలే, ఇంత తిని పడుకో అని పెట్టేశాను. మనసు లేక కాదు నాయనా. డ్రైవర్ల ఇండ్లలో ఒక పద్ధతి ఉండేది. డ్యూటీ దిగి వచ్చిన మనిషిని బండి సంగతి అడగకూడదు. చెంబుతో నీళ్ళివ్వాలి, బూట్లు విప్పేదాకా కాచుకోవాలి, అన్నం పెట్టాలి. బండి ఎక్కడ ఆగింది, ఎందుకు ఆలస్యమైంది, ఒక్క మాట అడగరాదు. అడిగితే జరగకూడనిది మళ్ళీ జరుగుతుందని నమ్మకం. మా అమ్మ ఎల్లమ్మకు వాళ్ళ అత్త నేర్పింది, మా అమ్మ నాకు నేర్పింది. నువ్వు ఇంజనెక్కిన రోజు నుంచి నేనూ పాటిస్తున్నాను. నువ్వు గమనించావో లేదో, తిన్నావా అని అడిగాను, పడుకున్నావా అని అడిగాను. బండి ఎట్లా నడిచిందని ఒక్కనాడూ అడగలేదు.

పైగా ఆ రోజు నీ గొంతు నాకు తెలిసిన గొంతే. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు మా నాయన డ్యూటీ దిగి వచ్చి బూట్లతోనే వరండాలో కూర్చున్నాడు. నీళ్ళిస్తే చెంబు పట్టుకొనే ఉన్నాడు గానీ తాగలేదు. పాపా, అని నన్ను పిలిచి, ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. మా అమ్మ నన్ను లోపలికి లాగింది.

"గమ్మునుండు. మాట్లాడిచ్చద్దు," అంది.

ఎవరూ మాట్లాడించలేదు. కొన్నాళ్ళకు ఆయనే ఒక చీరపెట్టె మూత తీసుకొని పని మొదలుపెట్టాడు. స్టేషన్ కాదు, రైల్వే గేటు దగ్గర గేట్‌మన్ ఉండే చిన్న ఇల్లు. పెద్ద స్టేషన్లనే చకచకా కట్టే మనిషి ఆ బుల్లి ఇంటితో ఎంతకాలం కుస్తీ పట్టాడో. నన్ను తాకనివ్వలేదు, మసి పూయడానికి కూడా పిలవలేదు. అది పెనుకొండ దాటినాక వచ్చే గేటని మాత్రం చెప్పాడు. అప్పటిదాకా ఆయన ప్లాట్‌ఫారాల మీద కాగితం మనుషులు ఉండేవాళ్ళు. ఆ తర్వాత కట్టిన వాటిలో ఒక్క మనిషీ లేడు. నేనొక పాపను కత్తిరించి బెంచీ పక్కన నిలబెడితే, గోటితో మెల్లగా లేపి అగ్గిపెట్టెలో వేసి, మనుషులొద్దు పాపా అన్నాడు. నాకప్పుడు కోపమొచ్చింది. అంతకుమించి ఆలోచించే వయసు కాదు.

తాతకు ఎప్పుడైనా ఇట్లా జరిగిందా అని నువ్వు రాసిన వాక్యం చదివినాక నా చెయ్యి ఆగలేదు. అంగట్లో అటక మీద గుడ్డ కప్పి పెట్టినవన్నీ దించాను. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, గూడ్స్ షెడ్డు, సిగ్నల్ కేబిను, నీళ్ళ ట్యాంకు. దుమ్ము దులుపుతూ ఒక్కొక్కటే తిప్పి చూశాను. అన్నిటికీ వెనక బోడి అట్టే. గేటు ఇంటిని తిప్పితే మాత్రం వెనక గోడ ఉంది. మూడు రాళ్ళ పొయ్యి, దాని పైన గోడకు పాకిన మసి, చిన్న పీట, నీళ్ళ కుండ, చూరుకు కట్టిన చీర ఉయ్యాల, దండెం మీద పచ్చటి గుడ్డ పీలిక. అన్నేళ్ళు నా దగ్గరే ఉంది, ఎన్నిసార్లు దుమ్ము దులిపానో, తిప్పి చూడాలని ఎప్పుడూ తోచలేదు. బండి తోలే మనిషి గేటు ఇంటి వెనకవైపు ఎప్పుడు చూస్తాడు మధూ? ఆడ దిగితేనే చూస్తాడు. గేటు దగ్గర డ్రైవరు ఎందుకు దిగుతాడో నీకు నేను చెప్పనవసరం లేదు.

అట్టలు కొనడానికి ధర్మవరం పోతున్నానని మీ నాయనకు అబద్ధం చెప్పి పెనుకొండ బస్సెక్కాను. ఆ గేటు ఇల్లు ఒక చీరపెట్టెలో పెట్టుకొని ఒడిలో పట్టుకున్నాను. పక్కన కూర్చున్నామె ఏం చీరమ్మా, చూపించు అంటుంటే దిగేదాకా తప్పించుకోలేక చచ్చాను. ఇప్పుడు అక్కడ గేటు లేదు, పట్టాల కింద నుంచి రోడ్డు తవ్వేశారు. గేటు ఇల్లూ లేదు. పక్కన టీ అంగట్లో పాత గేట్‌మన్ ఎవరైనా ఉన్నారా అని అడిగితే, ఓబుళప్ప ఉన్నాడు, కూతురు రోజా ఇంట్లో ఉంటున్నాడని దారి చెప్పారు.

ముసలాయన అరుగు మీద మంచంలో కూర్చొని ఉన్నాడు. అంజనప్ప డ్రైవరు కూతుర్ని అనగానే లేచి నిలబడబోయాడు. రోజా మజ్జిగ ఇచ్చింది, నాకంటే బాగా చిన్నది, నవ్వు ముఖం. నేను పెట్టె విప్పి ఇల్లు ఆయన చేతిలో పెట్టాను. ముందువైపు చూసి, గేటిల్లు గదా అని తల ఊపాడు. ఆమీద తిప్పాడు. తర్వాత దండెం మీది పచ్చ పీలికను వేలితో తాకాడు.

"ఇది మాయమ్మ చీర," అన్నాడు.

వాళ్ళమ్మ పేరు రామక్క. చెవుడు. పట్టాలకు అవతల బోరింగు ఉండేదట, నీళ్ళకు రోజూ పట్టాలు దాటి పోయేది. ఆ పూట ఓబుళప్ప గేటు వేసి పచ్చజెండా పట్టుకొని ఇవతల నిలబడి ఉన్నాడు. వాళ్ళమ్మ కుండ తీసుకొని ఇంటి వెనక నుంచి ఎప్పుడు పోయిందో ఆయన చూడలేదు. మా నాయన దూరం నుంచే విజిల్ మీద విజిల్ కొట్టాడట, బ్రేకు వేశాడట. ఆమె వెనక్కి తిరగనేలేదు, బండి ఆమె మీది నుంచి పోయి ఆగింది. చెప్తూ చెప్తూ ఆయన కళ్ళు తుడుచుకోలేదు, ఇల్లు కింద పెట్టలేదు.

"మీ నాయన దిగి ఉరుక్కుంటా వచ్చె," అన్నాడు. "నన్ను ఎనకపక్కకు తీసుకపోయి, ఈ పీట మీద కూసోబెట్టి, కుండలో నీళ్ళు ముంచి తాపిచ్చె. నా పెండ్లాము కూలికి పోయుండె. ఉయ్యాల్లో ఇది ఏడుస్తాండె." రోజాను చూపించాడు. "గార్డు వచ్చి పిలిచేదాంక మీ నాయన దీన్ని ఊపుతానే ఉండె. ఆమీద బండిని హిందూపురం దాంక ఆయప్పే తీసుకపోయె."

ఆ తర్వాత ఏటా ఒకసారి మా నాయన ఆ గేటుకు పోయేవాడట. రిటైరైనాక కూడా. మా అమ్మ చిత్రాన్నం కట్టిచ్చి, మీ నాయన పెనుకొండ దర్గాకు పోతాడు అని మాకు చెప్పేది. ఆమెకు అసలు సంగతి తెలుసో లేదో, ఆమె కూడా లేదు ఇప్పుడు అడగడానికి. ఇద్దరూ ఆ ఇంటి వెనక కూర్చొని చిత్రాన్నం తినేవాళ్ళట. వానల గురించి, శనక్కాయల గురించి మాట్లాడుకునేవాళ్ళట.

"మాయమ్మ మాట ఆయప్ప ఎత్తలా, నేనూ ఎత్తలా," అన్నాడు ఓబుళప్ప. "నీ తప్పు గాదప్పా అని ఒక్క మాట అనాలని ప్రతిసారీ నోటిదాంక వస్తాండె. అడగనోనికి చెప్పేదెట్ల తల్లీ? ఆయప్ప పోయినాడని తెలిసినాక ఆ మాట నా కాడనే మిగిలిపోయె."

నాకు ఏడుపు ఆగలేదు మధూ. రోజా నా వీపు నిమిరింది. మా నాయన ఊపిన పిల్ల నన్ను ఓదార్చింది. నీ సంగతి చెప్పాలనుకొని పోలేదు గానీ, ఏడుస్తూ ఏడుస్తూ అంతా చెప్పేశాను. బండి, ఫోను, దిండు కింద కాగితం, మా ఇండ్లలో అడగని పద్ధతి, అన్నీ. ఓబుళప్ప అంతా విని అన్నాడు.

"ఆ పిల్లోన్ని అడుగు తల్లీ. ఏం చూసినాడో అడుగు. మేమిద్దరం గమ్మునుండి చెడిపోతిమి."

ఆ అట్ట ఇల్లు ఆయన దగ్గరే వదిలేసి వచ్చాను. రోజా దాన్ని టీవీ పక్కన పెట్టింది, వెనక గోడ బయటికి కనిపించేలాగా. మీ నాయనకు ఇంటికి వచ్చాక అంతా చెప్పాను. అబద్ధం చెప్పి పోయినందుకు తిట్టలేదు. తల గోక్కొని, వాన్ని నేను ఊరికే అరిచినానే అన్నాడు. నీ ఉత్తరంలో మిగతా సగం కూడా ఇచ్చాను. వరండాలో కూర్చొని తనే చదువుకున్నాడు.

ఇప్పుడు అట్టల ముడి విప్పు. ఆ గేటు ఇంటివే. పెనుకొండ పోయే ముందే కొలతలు తీసి కొత్త అట్ట మీద కోశాను. నాలుగు గోడలు, కప్పు, తలుపు, పొయ్యి, పీట, అన్నీ ఉన్నాయి. మడత పెట్టాల్సిన చోట గీతలు లాగి పంపాను, నువ్వు మడిచి అంటిస్తే చాలు. మైదా అక్కడ దొరుకుతుంది. మైలుతుత్తం పంపలేదు, తినే పొడి పక్కన విషం పెట్టడానికి నాకేం పిచ్చా? బొద్దింకలు తింటే తిననీ, మళ్ళీ కోసి పంపుతాను. అట్ట పని ఎందుకంటే, చేతులు ఊరికే ఉంటే మనసు నిన్ను నిలవనీయదు. కానీ మా నాయనలాగా ఒక్కడివే కూర్చొని చేయొద్దు. ఫోను పక్కన పెట్టుకొని స్పీకరు వెయ్యి. నేనూ ఇక్కడ అవే ముక్కలు కోసి పెట్టుకున్నాను. నువ్వు ఒక గోడ, నేను ఒక గోడ నిలబెడుతూ మాట్లాడుకుందాం. ఫోనులో నోరు రాకపోతే ఉత్తరం రాయి. అదీ చేతకాకపోతే ఊ అను, బెంగళూరు పోయి బండెక్కి నీ క్వార్టర్ ముందర దిగుతాను. నాకు హిందీ రాదు, తప్పిపోతే నువ్వే వెతుక్కోవాలి.

రాజీనామా ఇస్తావో, చింపి పారేస్తావో అది నీ ఇష్టం. ఉద్యోగం మానితే మన ఇంట్లో తిండికి లోటు లేదు, ఇంజనెక్కితే గర్వపడకుండానూ ఉండము. ఏది చేసినా నువ్వు మాత్రం మాకు కావాలి. ఆ కాగితం గురించి నేను ఇంకొక్క మాట అడగను.

అడగాల్సింది వేరే ఉంది. మా అమ్మ అడగనిది, నేను అడగనిది, మా నాయన పోయేదాకా ఎవరూ అడగనిది. అడిగితే మళ్ళీ జరుగుతుందన్న భయం ఇప్పుడూ ఉంది నాకు, చిన్నప్పటి నుంచి పాతుకున్నది ఒక్క రోజులో పోదు. అయినా అడుగుతున్నాను.

ఆ మనిషి ఎవరు మధూ? ఆడమనిషా, మగమనిషా? ఏం కట్టుకొని ఉన్నారు? నీ వైపు చూశారా? బండి ఆగినాక నువ్వు దిగావా? దిగి ఏం చేశావు నాయనా?

ఇట్లు,
నీ మాట వినాలని కూర్చున్న
మీ అమ్మ
ప్రేమలత